డెబ్బై నాలుగో నిమిషం

సోమవారం ఉదయం పదిన్నరకు విశాఖపట్నం కోర్టులో సోఫియా సాక్ష్యం చెప్పాలి. తాండవ రిజర్వాయరు గట్టు మీద ఫారెస్టు గార్డు గంగులును లారీతో తొక్కించినప్పుడు స్టీరింగు పట్టుకున్నది డ్రైవరు కాదు, కలప కాంట్రాక్టరు రమణబాబే. అది కళ్ళారా చూసిన మనిషి ఆమె ఒక్కతే. పదకొండు రోజులుగా ఆమె ఎక్కడ దాక్కుందో ఆమె అన్న మార్కుకు తప్ప బయటివాళ్ళెవరికీ తెలియదు. ఇప్పుడు శనివారం సాయంత్రం, అయిదూ ఇరవై. నర్సీపట్నంలో మార్కు రేడియో రిపేరు కొట్టు షట్టరు నడుం దాకా దిగి ఉంది. లోపల, మార్కుకు ఎదురుగా, రమణబాబు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

అతను సోల్డరింగ్ ఐరన్‌ని రెండు వేళ్ళతో జాగ్రత్తగా పక్కకి జరిపి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"ఇదేటో సెప్పు మార్కూ."

ఇంటర్నెట్టు సెంటర్లో తీసిన ప్రింటు. విశాఖ జిల్లా రోడ్ల మ్యాపు. దాని మీద ఒక ఎర్రచుక్క. చుక్క పక్కన ఇంగ్లిషు అక్షరాలు, మధ్యలో ఒక అంకె. అది సోఫియా కాల్ సైన్.

మార్కు నాన్న మిషన్ ఆస్పత్రిలో ఎలక్ట్రీషియన్. చచ్చిపోయే లోపల పిల్లలిద్దరికీ, సరదాకి దేశదేశాలవాళ్ళతో మాట్లాడుకునే హ్యామ్ రేడియో నేర్పి, పరీక్ష రాయించి, లైసెన్సులు ఇప్పించి వెళ్ళాడు. ఆ లైసెన్సుతో వచ్చే పేరే కాల్ సైన్. ప్రపంచంలో మరొకరికి ఉండదు.

"నీకెలా తెలిసింది, ఇది సోఫియాదని?"

"గోడెంపు సూడు."

గోడ నిండా పిన్నులు గుచ్చిన కార్డులు. దేశదేశాల హ్యాములు పంపినవి, వీళ్ళు అచ్చు వేయించుకున్నవి. మూడో వరసలో ఒక పిన్ను ఒంటరిగా ఉంది.

"మొన్న బుదవారం మా సినబాబు టేప్ రికార్డరు బాగుసేయించుకోడానికొచ్చి ఒక కార్డు అట్టుకొచ్చేడు," అన్నాడు రమణబాబు. షట్టరు దగ్గర నిలబడ్డ చినబాబు పళ్ళు కనిపించేలా నవ్వాడు. దూలంలాంటి మనిషి. "నీ సెల్లి పేరూ, దాని కిందన ఈ అచ్చరాలూ ఉన్నాయి. మా మేనగోడలు బేబి కంప్యూటరు సెంటర్లో పన్జేత్తాది. ఈ అచ్చరాలు కొట్టి సూడవే అన్నాను. కొట్టింది. సుక్కొచ్చింది. సదూకున్న పిల్ల గదా."

సెల్ ఫోన్ వాడితే టవర్ పట్టిస్తుందని సోఫియా ఫోన్‌ను వరాహ నదిలో పారేసింది మార్కే. దానికి బదులు ఒక పెట్టె ఇచ్చాడు. చేతిలో పట్టేంత రేడియో, దానికి తగిలించిన చిన్న సర్క్యూటు. రోజూ ఆరింటి నుంచి అరగంట సేపు ఆ పెట్టె రెండేసి నిమిషాలకొకసారి ఒక్క వరస పంపుతుంది: నేను ఫలానా, ఫలానా చోట ఉన్నాను. కొట్లో ఉన్న పాత కంప్యూటర్లో ఆ వరస కనిపిస్తే చెల్లెలు క్షేమం. మార్కు అంతకు మించి చూసుకోలేదు. మ్యాపు గీసే ప్రోగ్రాం అతని కంప్యూటర్లో లేదు.

విశాఖలో ఎవరో హ్యామ్ తన స్టేషను చెవిన పడ్డ ప్రతి వరసనూ నెల రోజులుగా ఇంటర్నెట్టులో పెడుతున్నాడన్న సంగతి అతనికి ఈ నిమిషం దాకా తెలియదు. చెల్లెల్ని దాచి, ఆమె చేతే రోజూ పదిహేనుసార్లు అడ్రసు చాటింపు వేయించాడు.

"అయితే ఒకటి," అన్నాడు రమణబాబు. "మూడు రోజులై నలుగురు మనుషులు పెందుర్తిలో గుమ్మం గుమ్మం ఎతికేరు. సర్చీలో ఎతికేరు, హాస్టళ్ళలో ఎతికేరు. లేదు."

"పెందుర్తా?"

ఆ మాట అనుకోకుండా వచ్చేసింది. రమణబాబు తల వంచి అతని ముఖంలోకి చూశాడు.

"నువ్వే తెల్లబోతన్నావేటి? సుక్కెట్టినోడివి నువ్వే గదా."

మార్కు కాగితం మీదికి వంగాడు. నిజమే. చుక్క పెందుర్తి పక్కన ఉంది. సోఫియా ఉన్నది ఏటికొప్పాకలో, లక్కబొమ్మలు చేసే సింహాద్రమ్మ ఇంటి అటక మీద. పెందుర్తి ఎక్కడ, ఏటికొప్పాక ఎక్కడ. అరవై కిలోమీటర్లు.

మ్యాపు కింద సన్నటి అక్షరాలతో ఒక వరస అచ్చయి ఉంది. పెట్టె పంపిన అసలు వరస. ఉత్తరం పదిహేడు డిగ్రీల యాభై నిమిషాలు. తూర్పు ఎనభై రెండు డిగ్రీల డెబ్బై నాలుగు నిమిషాలు.

డెబ్బై నాలుగు.

గడియారంలో గంటకు అరవై నిమిషాలున్నట్టే డిగ్రీకీ అరవై నిమిషాలే. డెబ్బై నాలుగన్నది లేదు. ఊళ్ళ అక్షాంశ రేఖాంశాల పుస్తకంలో ఏటికొప్పాక లెక్క దశాంశాల్లో ఉంది: 17.50, 82.74. పెట్టెకు నిమిషాల్లో చెప్పాలి. దశాంశ భాగాన్ని అరవైతో హెచ్చవేసి ముప్పై అనీ, నలభై నాలుగు అనీ కొట్టాలి. సోఫియాను బస్సెక్కించే తొందరలో మార్కు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టేశాడు. పెట్టె ప్రశ్న అడగలేదు. అవతలి కంప్యూటరు కూడా అడగలేదు. డెబ్బై నాలుగంటే ఒక డిగ్రీ పద్నాలుగు నిమిషాలు కాబోలనుకుని చుక్కను తీసుకెళ్ళి పెందుర్తిలో పెట్టింది.

పద్దెనిమిదేళ్ళ రేడియో జీవితంలో ఇంత తెలివితక్కువ తప్పు చేయలేదు. ఆ తప్పే ఆ పిల్లను మూడు రోజులు బతికించింది. ప్రభువా, అనుకున్నాడు, నా బుద్ధిహీనతకు స్తోత్రం.

"పెందుర్తే," అన్నాడు పైకి. "హాస్టల్లోనే ఉంది. మీవాళ్ళు సరిగా చూసుండరు."

"ఏ హాస్టలు?"

"పేరు నేనడగలేదు రమణబాబుగారూ. తెలీకపోతేనే మంచిదని."

రమణబాబు జేబులోంచి కళ్ళజోడు తీశాడు. పెట్టుకోలేదు. అద్దాలు పంచెతో తుడుస్తూ కూర్చున్నాడు. మార్కు ఆ కళ్ళజోడు వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. ఆయన మామూలు కలప వ్యాపారి కాదు. అటవీ హద్దుల మీద పదిహేనేళ్ళుగా కోర్టులో కొట్లాడుతున్న మనిషి. డిగ్రీలూ నిమిషాలూ లాయరుకే నేర్పాడంటారు. ఆ సన్నటి వరస ఒక్కసారి చదివాడా, అయిపోయినట్టే.

మార్కు మోచేయి తెచ్చి కాగితం కింది అంచు మీద పెట్టాడు.

"సరే," అన్నాడు రమణబాబు. "ఆరింటికి పెట్టె మాటాడతాది గదా. ఇక్కడే కూకుని సూద్దాం. ఒరే సినబాబూ, టీ సెప్పరా. మార్కుకి సక్కెర తక్కువెయ్యమను."

"చక్కెర తక్కువని మీకెవరు చెప్పారు?"

"నీ గురించి నాకు తెలీందేటుంది?"

టీ వచ్చింది. ఎవరూ తాగలేదు. అయిదూ నలభై అయిదుకు గోడవార బల్ల మీద ఉన్న పెద్ద సెట్టు గరగరమంది.

"గుడీవినింగ్ టు ఆల్ స్టేషన్స్. రోల్ కాల్ మొదలుపెడుతున్నాను."

జోసఫ్ రాజుగారు. యలమంచిలిలో ఉంటాడు. రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి, డెబ్బై ఒకటి దాటాయి. రోజూ ఈ వేళకు కొండ మీది రిపీటరు ద్వారా చుట్టుపక్కల హ్యాములందర్నీ హాజరు పిలుస్తాడు. ఆ యంత్రం చిన్న సెట్టు గొంతును కూడా అందుకుని జిల్లా అంతటికీ వినిపిస్తుంది.

"కట్టెయ్యనా?" అన్నాడు మార్కు.

"అక్కర్నేదు. రోజూ ఎలగ మాటాడతావో అలగే మాటాడు. నువ్వు పలక్కపోతే ఎవుడో ఒకడు ఏటైందని అడుగుతాడు."

నాతవరం పలికింది. అనకాపల్లి పలికింది. ఒక్కొక్కరికీ జోసఫ్ రాజుగారు ఒక తప్పు చూపించాడు. నీ గొంతు డబ్బాలోంచి వస్తోంది. నీ ఏరియల్ వదులైంది. ఈ లోకంలో ఇదే మర్యాద. అవతలివాడి తప్పు వినిపించినా చెప్పకపోవడమే అవమానం. అదీ రహస్యంగా కాదు, అందరి ముందూ. హ్యామ్ రేడియోలో రహస్యం ఉండకూడదు. సంకేత భాష వాడితే లైసెన్సు పోతుంది.

ఇవాళ ఆయన గొంతు వెనక ఏదో టకటకమని కొట్టుకుంటోంది. ఆటో ఇంజను.

"మార్కూ, ఉన్నావా? ఓవర్."

మార్కు మైకు అందుకుని కాల్ సైన్ చెప్పాడు. "గుడీవినింగ్ సర్. ఇక్కడ అంతా బాగుంది. ఓవర్."

"నీకు బాగుందేమో గాని నాకు బాగాలేదు. ఈమధ్య నువ్వు కొత్తగా ఒక పెట్టె పెట్టావు చూడు, ఆరింటికి మోగేది. దాని వరస నా సెట్టులో కూడా పడుతోంది. నిన్న కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఏమిటయ్యా ఆ నిమిషాలు. డెబ్బై నా..."

మార్కు బొటనవేలు మైకు మీటను నొక్కేసింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రిపీటర్లో మాట ఉండదు, ఈల ఉంటుంది. స్పీకరు చచ్చినట్టు మూగబోయింది. అయిదు అంకెలు లెక్కపెట్టాడు. ఆరు. ఏడు.

రమణబాబు లేచి వచ్చి ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలిని, ముల్లు తీసినంత నెమ్మదిగా, మీట మీద నుంచి ఎత్తాడు.

"పెద్దాయన మాటాడతన్నప్పుడు మద్దిలో దూరకూడదు."

"...అందుకని నేనే వెళ్ళి సరిచేశాను," అంటోంది స్పీకరు. "నా జీపీయెస్ యంత్రం కూడా దానికి తగిలించాను. అది ఆకాశం చూసి లెక్క చెబుతుంది. ఇక చేతితో కొట్టే పని లేదు, తప్పు రాదు. ఆరింటికి నువ్వు కంగారు పడతావని పెట్టె ఆన్‌లోనే ఉంచాను. నేను దారిలో ఉన్నాను, సిగ్నల్ ఊగుతుంది. మిగతాది కలిసినప్పుడు. ఓవర్."

రమణబాబు కళ్ళజోడు పెట్టుకున్నాడు. మార్కు మోచేయి కింద నుంచి కాగితం లాక్కున్నాడు. కింది వరస దగ్గరికి రాగానే అతని వేలు ఆగింది.

"డెబ్బై నాలుగు," అన్నాడు. తరవాత నవ్వాడు, చాలాసేపు, చప్పుడు లేకుండా. "మార్కూ, మా అడివి కేసులో సర్వేయరొకడు ఇలగే దశాంశం ఏసేసి, నా హద్దురాయి అట్టుకెళ్ళి ఒరిస్సాలో ఎట్టేడు. ఆడిమీద ఆరేళ్ళు కోర్టుకెల్లేను. పదిహేడున్నర డిగ్రీలంటే ముప్పై నిమిషాలు. డెబ్బై నాలుగుకి నలబై నాలుగు." బల్ల మీది పెన్సిలు తీసి కాగితం మీద గీత గీశాడు. "వరాహ నది పక్కన. ఏటికొప్పాక."

జేబులోంచి సెల్ ఫోన్ తీశాడు. నంబరు నొక్కబోతుండగా కంప్యూటరు పక్కనున్న రెండో సెట్టు చిలకలా కిచకిచమంది. ఆరు గంటలైంది.

తెర మీద వరస పడింది. సోఫియా కాల్ సైన్. ఉత్తరం పదిహేడు డిగ్రీల ముప్పై నాలుగు. తూర్పు ఎనభై రెండు డిగ్రీల నలభై ఒకటి.

"ముప్పై కాదే," అన్నాడు రమణబాబు వంగి చూస్తూ. "ముప్పై నాలుగు. ఇది కోటవురట్ల."

షట్టరు దగ్గర చినబాబు చేతిలో సెల్ ఫోన్ వెలిగి ఆరింది. రెండు నిమిషాల తరవాత ఇంకో వరస. ముప్పై నాలుగున్నర. ఇంకో రెండు నిమిషాలకు ముప్పై అయిదు.

కదులుతోంది.

మార్కుకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. జోసఫ్ రాజుగారు పెన్సిలు పట్టుకుని ఆ లెక్క సరిచేసి ఉంటాడు. సరిచేస్తే తన ఇంటికి పది కిలోమీటర్ల దూరంలో ఏటికొప్పాక తేలింది. వెళ్ళి చూస్తే అటక మీద సోఫియా. కేసు సంగతి ఆయనకు తెలుసు. నేను కనిపెట్టగలిగితే ఇంకొకడూ కనిపెట్టగలడు, ఇక్కడ నువ్వుండకూడదు అని ఉంటాడు. ఆమెను ఆటో ఎక్కించి, తనకు తెలిసిన అన్నిటికన్నా భద్రమైన చోటికి తీసుకొస్తున్నాడు. అన్న దగ్గరికి. ఈ కొట్టుకి.

రమణబాబు కూడా అదే లెక్క వేశాడు.

"నర్సీపట్నం నలబై నిమిషాల కాడ గదా?" అన్నాడు. ఫోన్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంక మనమెల్లడమెందుకు, ఆలే వత్తన్నారు. ఒరే సినబాబూ, షట్టరు ఎత్తరా. ట్యూబులైటు ఎయ్యి. అన్నయ్య కొట్టు సీకటిగా ఉంటే సెల్లికి బెంగెడతాది."

షట్టరు పైకి లేచింది. డిసెంబరు చలికి ముసుగులు వేసుకున్న జనం, అబీద్ సెంటర్ వైపు పోయే ఆటోల హారన్లు. పది అడుగుల దూరంలో ఇంత మంది ఉన్నారు. చినబాబు వచ్చి మార్కు వెనక నిలబడ్డాడు. వెడల్పాటి అరచెయ్యి మెడ మీద పడింది. వేళ్ళు రెండు వైపులా చెవుల కింద ఆగాయి.

ముప్పై అయిదున్నర.

"మార్కూ," అంది పెద్ద సెట్టు. "కొట్లోనే ఉన్నావా? ఓవర్."

"ఉన్నానను," అన్నాడు రమణబాబు. మైకు తనే తీసి మార్కు చేతికిచ్చాడు. "బేగి రండి సర్ అను. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ వద్దు."

మార్కు మైకు వంక చూశాడు. రమ్మంటే పావుగంటలో ఆటో ఈ గుమ్మం ముందు ఆగుతుంది. రావద్దంటే రమణబాబు మనుషులు జీపులో ఎదురెళ్తారు. కోటవురట్ల రోడ్డు ఒక్కటే, పక్కదారి లేదు, ఆ పెట్టె ఆమె ఏ మలుపు దగ్గరుందో చెబుతూనే ఉంటుంది. సైగ చేద్దామంటే సంకేతాలు ఎప్పుడూ నేర్చుకోలేదు. నాన్న నేర్పలేదు. నువ్వు మాట్లాడేది ఊరంతా వింటుందని గుర్తుంచుకుని మాట్లాడరా అన్నది ఒక్కటే నేర్పాడు.

ఊరంతా వింటుంది.

రోల్ కాల్ ఇంకా ముగియలేదు. ఇరవై మంది, ఇరవై ఇళ్ళలో, సెట్ల ముందు కూర్చుని ఉన్నారు. రమణబాబు అది పెద్దాయనకీ మార్కుకీ మధ్య నడిచే ఫోను లాంటిదనుకుంటున్నాడు.

మార్కు మీట నొక్కాడు.

"ఎమర్జెన్సీ. అన్ని స్టేషన్లూ వినాలి. నేను మార్కుని, నర్సీపట్నం నా కొట్లో ఉన్నాను. కలప కాంట్రాక్టరు రమణబాబు, అతని మనిషి చినబాబు నన్ను పట్టుకుని..." మెడ మీద వేళ్ళు బిగిశాయి. గొంతు సన్నబడింది. మీట మాత్రం వదల్లేదు. "...సోఫియా కోసం కూర్చున్నారు. సోమవారం గంగులు కేసు. సర్, ఆటో ఆపండి. పెట్టె కట్టెయ్యండి. మిగతావాళ్ళు టైము రాసుకోండి. ఆరూ తొమ్మిది."

చినబాబు మైకు తీగ పట్టుకుని లాగాడు. మైకు బల్ల మీద నుంచి నేల మీదికి జారిపోయింది.

"ఎంతమంది ఇన్నారు?" అడిగాడు రమణబాబు. గొంతు మారలేదు.

మార్కు దగ్గుతూ స్పీకరు వైపు చెయ్యి చూపించాడు.

"నాతవరం. రిసీవ్డ్. ఆరూ తొమ్మిది రాశాను."

"అనకాపల్లి, రిసీవ్డ్. పోలీసులకి ఫోన్ చేస్తున్నాను."

"చోడవరం, రిసీవ్డ్."

ఒకరి తరవాత ఒకరు, హాజరు పలికినట్టే పలికారు. ప్రతి పేరుకీ రమణబాబు కనురెప్పలు ఒకసారి కొట్టుకున్నాయి. పదకొండో గొంతు తరవాత కాస్త ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఆడగొంతు వినిపించింది. దాని వెనక ఇంజను చప్పుడు లేదు.

"అన్నయ్యా, నేను. రాజు తాతగారి సెట్టులోంచి మాటాడతన్నాను. ఆటో ఆపేశాం. పెట్టె కట్టేశాను." ఊపిరి అందుకుంది. "కోటవురట్ల దాటిన కాడ్నుంచీ ఒక జీపు మా ఎనకాలే వస్తంది. మేం ఆపేసరికి అదీ ఆగింది. లైట్లు ఆర్పేసేరు. ఇద్దరు దిగేరు. ఇటే వస్తన్నారు."

స్పీకరు కట్టయిపోయింది.

మార్కు స్టూలు తన్నుకుంటూ లేచి రమణబాబు చొక్కా పట్టుకున్నాడు. "పిలవండి వాళ్ళని. వెనక్కి పిలవండి."

రమణబాబు విడిపించుకోలేదు. ఇంటర్నెట్టు కాగితం మీదికే చూస్తున్నాడు. చెమట పట్టి కళ్ళజోడు ముక్కు మీదికి జారింది.

"నానెవుర్నీ పంపలేదు," అన్నాడు. "ఫోన్ సెయ్యనేదు, నువ్వు సూసేవు గదా. నా బండ్లన్నీ డిపోలోనే ఉన్నాయి." పెదవులు తడుపుకున్నాడు. "ఆ పిల్ల ఊసు కోర్టులో ఇనపడకూడదని అనుకునేది నానొక్కణ్ణే కాదు మార్కూ. ఈ సుక్క సంగతి మా బేబికీ, నాకూ తప్ప తెలిసింది ఇంకొక్కడికే."

అప్పుడు తట్టింది మార్కుకి, తన మెడ మీద చెయ్యి లేదని. ఎప్పుడు తీశాడో తెలియదు.

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. ఎత్తిన షట్టరు కింద, ట్యూబులైటు వెలుతురు రోడ్డు దాకా పడుతోంది. ఆ వెలుతుర్లో చినబాబు లేడు.